మూడు చుక్కల వెనక

సంక్రాంతి దగ్గర పడుతుంటే పత్రికల్లో ముగ్గుల పేజీలు మొదలవుతాయి. ప్రతి ముగ్గు కిందా ఒక పొట్టి వాక్యం ఉంటుంది: ‘15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు’. అంతకు మించి వివరణ ఉండదు, ఎవరూ అడగరు కూడా. ముగ్గు అలవాటున్న చేతికి ఆ ఒక్క ముక్క చాలు. నడిమి వరుసలో 15 చుక్కలు పడతాయి. దానికి అటూ ఇటూ సందుల్లో 14 చొప్పున, వాటి పక్కన 13 చొప్పున, అలా ఒక్కొక్కటీ తగ్గుతూ 8 దగ్గర ఆగుతాయి. పూర్తయ్యాక లెక్కపెడితే 15 వరుసలు, 169 చుక్కలు. పత్రికలో వేసిన వాక్యంలో 169 అనే సంఖ్య ఎక్కడా లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎలా నడవాలో, ఎక్కడ ఆగాలో మాత్రమే ఉంది. వాకిలి నిండడానికి ఆ మూడూ సరిపోయాయి.

గణితంలో శ్రేణుల మొదటి పాఠం కూడా ఇంతే. ఒక నియమం ప్రకారం వరుసలో నిలబెట్టిన సంఖ్యలు అనుక్రమం. వాటి మధ్య కూడిక గుర్తులు పెడితే శ్రేణి. ఆ కూడికనంతా ఒక్క గుర్తులో ఇమిడ్చి రాయడానికి గ్రీకు పెద్దక్షరం సిగ్మా వాడతారు. సిగ్మా కింద మొదలు, నెత్తిన చివర, పక్కన నియమం. ముగ్గు కింది వాక్యంలో ఉన్న మూడు సంగతులే ఇక్కడా ఉన్నాయి.

అదే ముగ్గును 8 దగ్గర ఆపకుండా 1 దాకా తీసుకుపోతే 225 చుక్కలు వస్తాయి, అంటే 15ను 15తో గుణించినంత. కూడి చూడనక్కర్లేదు. తల పక్కకు వంచి ఏటవాలుగా చూస్తే అవే చుక్కలు 15 అడ్డ వరుసలు, 15 నిలువు వరుసల చతురస్రంగా కనిపిస్తాయి. 1 నుంచి 15 దాకా ఎక్కి మళ్లీ 1 దాకా దిగే కూడిక వర్గమే ఎందుకవుతుందో ఇంతకన్నా బాగా చెప్పే రుజువు నాకు తెలియదు. 1 నుంచి 100 వరకు కూడమంటే చిన్నారి గౌస్ క్షణంలో 5050 అన్నాడనే కథ అందరూ చెబుతారు. ఆ కథలో గౌస్ తెలివి కనిపిస్తుంది. ముగ్గులో లెక్కే కనిపిస్తుంది. పదో తరగతి పిల్లలకు అంకశ్రేఢి మొత్తం చెప్పాల్సి వస్తే నేను ముగ్గుతోనే మొదలుపెడతాను.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది సిగ్మా కన్నా, సిగ్మా రాకముందు నల్లబల్ల మీద రాసే మూడు చుక్కలు. 1, 2, 4, 8 అని రాసి పక్కన మూడు చుక్కలు పెడతాం. ‘మిగతాది నీకు తెలుసు కదా’ అని చదివేవాడితో చేసుకునే ఒప్పందం అది. నిజంగా తెలుసా అన్నదే ప్రశ్న.

ఒక కాగితం మీద వృత్తం గీయండి. అంచు మీద బిందువులు పెట్టి, ప్రతి బిందువునూ మిగతా అన్నిటితో సరళరేఖలతో కలపండి. లోపల ఎన్ని ముక్కలయ్యాయో లెక్కపెట్టండి. బిందువు ఒక్కటే అయితే గీతే లేదు, వృత్తమంతా ఒక ముక్క. రెండు బిందువులకు 2 ముక్కలు. మూడింటికి 4. నాలుగింటికి 8. ఐదింటికి 16. ఆరింటికి 32 అని రాసి మూడు చుక్కలు పెట్టేయడానికి చేయి తొందరపడుతుంది. కానీ ఆరు బిందువులు పెట్టి, లోపల ఒకే చోట మూడు గీతలు కలవకుండా చూసుకుని లెక్కపెడితే వచ్చేవి 31. ఏడింటికి 57.

ఇక్కడ రెట్టింపు నియమం మొదటి నుంచీ లేదు. అసలు నియమం వేరు. కొత్త గీత గీసినప్పుడల్లా ఒక ముక్క పెరుగుతుంది. ఆ గీత దారిలో మరో గీతను ఖండించిన ప్రతి చోటా ఇంకో ముక్క పెరుగుతుంది. కాబట్టి గీతలెన్నో, ఖండనలెన్నో కూడి, మొదట ఉన్న ఒక్క ముక్కనూ కలిపితే లెక్క తేలుతుంది. రెండు బిందువుల జతకు ఒక గీత, నాలుగు బిందువుల గుంపుకు ఒక ఖండన. ఐదు బిందువులకు 10 గీతలు, 5 ఖండనలు, ఒకటి: 16. ఆరింటికి 15 గీతలు, 15 ఖండనలు, ఒకటి: 31. ఐదు మెట్ల దాకా రెండు వేర్వేరు నియమాలు ఒకే దారిన నడిచి ఆరో మెట్టు దగ్గర విడిపోయాయి. పది బిందువుల దగ్గర ఈ లెక్కకు మళ్లీ 256 వస్తుంది. అదీ రెండు ఘాతమే, కానీ రెట్టింపు నియమం అక్కడ చెప్పాల్సింది 512.

పోటీ పరీక్షల్లో నాలుగు సంఖ్యలిచ్చి ‘తర్వాతి సంఖ్య ఏది?’ అని అడుగుతారు. గణితం దృష్టిలో ఆ ప్రశ్న అసంపూర్ణం. కొన్ని పదాలు చూసి నియమాన్ని ఊహించవచ్చు, నిర్ణయించలేం. ఎంత పొడవైన వరుస ఇచ్చినా, దానికి అతికే నియమాలు ఒకటికి మించి ఉంటాయి. ఊహకు మార్కులు వేయడం తప్పని నేననను. ఆ ఊహే గణితమని పిల్లలు అనుకుంటూ పెరగడం మాత్రం నష్టం.

మూడు చుక్కలను నమ్మదగిన చోటు మన ఛందస్సులో ఉంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నాలుగు మాత్రలను ఎన్ని విధాలుగా నింపవచ్చు? నాలుగూ లఘువులే పెట్టవచ్చు. రెండు గురువులు పెట్టవచ్చు. ఒక గురువూ రెండు లఘువులూ అయితే గురువు మొదట, నడుమ, చివర ఎక్కడైనా రావచ్చు. మొత్తం 5. ఒక మాత్రకు 1, రెండింటికి 2, మూడింటికి 3, నాలుగింటికి 5, ఐదింటికి 8, ఆరింటికి 13. ప్రతి సంఖ్యా దాని ముందున్న రెండింటి మొత్తం. ఇది ఆరో మెట్టు దగ్గర విరిగిపోదని భరోసా ఏమిటి? చివరి అక్షరాన్ని చూడండి. అది లఘువైతే దాని ముందు ఒక మాత్ర తక్కువున్న అమరిక ఏదో ఉండాలి. గురువైతే రెండు మాత్రలు తక్కువున్న అమరిక ఉండాలి. మూడో దారి లేదు. అందుకే ముందున్న రెండు సంఖ్యలు కూడితే చాలు, ఆరు మాత్రలైనా ఆరు వందల మాత్రలైనా. ప్రాకృత ఛందస్సు మీద పుస్తకం రాసిన విరహాంకుడు ఈ నియమం చెప్పాడు. 1150 ప్రాంతంలో హేమచంద్రుడు మళ్లీ చెప్పాడు. ఇటలీలో ఫిబొనాచ్చి కుందేళ్ల లెక్కతో ఇదే వరుసను రాసింది 1202లో. ప్రపంచమంతా వాడే పేరు ఫిబొనాచ్చిదే అయినా, లఘుగురువులు తెలిసిన తెలుగు పిల్లవాడికి కుందేళ్ల కన్నా దగ్గరి దారి మాత్రల్లోనే ఉంది. మన పాఠ్యపుస్తకాలు ఆ దారిన తీసుకెళ్తే బాగుంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

వృత్తం లెక్కలో మొదట మన దగ్గర ఉన్నది పోలిక ఒక్కటే. మాత్రల లెక్కలో కారణం ఉంది. కారణం చేతిలో ఉన్నప్పుడే మూడు చుక్కలు పెట్టే హక్కు వస్తుంది. ఇంటర్లో గణితానుగమనం అని నేర్పేది ఈ హక్కును సంపాదించే పద్ధతినే.

సిగ్మాను కూడికకు వాడడం ఆయిలర్‌తో మొదలైంది, 1755లో అచ్చయిన ఆయన అవకలన గ్రంథంలో. ఇంటర్ తరగతిలో మొదటిసారి నల్లబల్ల మీద ఆ గుర్తు చూసినప్పుడు పక్కనున్నవాళ్లు బెదిరారు, నాకు మాత్రం ఊరట కలిగింది. అప్పటిదాకా చుక్కలు దాచిపెట్టినదంతా ఇక్కడ బయటపెట్టక తప్పదు. నియమం తెలియకపోతే సిగ్మా పక్కన రాయడానికి ఏమీ ఉండదు. ఎక్కడ ఆగాలో తెలియకపోతే నెత్తిన రాయడానికి ఏమీ ఉండదు. కింద రాసే అక్షరం, ఐ అనండి కె అనండి, ఒక్కొక్క విలువా తీసుకుంటూ పై దాకా నడిచి, పని అయ్యాక జవాబులో కనబడకుండా పోతుంది. పిల్లలు తడబడేది ఎక్కువగా ఈ అక్షరం దగ్గరే. అది ఏమిటని అడుగుతారు. అది ఎవరి వంతు నడుస్తోందో చెప్పే గుర్తు మాత్రమే. పేరు మార్చినా మొత్తం మారదు.

మొత్తాల సంగతి వచ్చింది కాబట్టి పావులూరి మల్లనను తలుచుకోకుండా ముందుకు పోలేను. మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పదకొండో శతాబ్దంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు ఆయన. ఆయన పేరు మీద ప్రచారంలో ఉన్న ఒక చంపకమాల చదరంగం గడుల లెక్క చెబుతుంది. మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా 64 గడులూ రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం ఎంత? బాణాలంటే 5, వేదాలంటే 4, ఆకాశమంటే సున్న, చంద్రుడంటే 1 అనే పాత పద్ధతిలో, ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి 20 అంకెల సంఖ్యను ఆ పద్యం ఒక్క అంకె తప్పకుండా పలుకుతుంది: 1,84,46,74,40,73,70,95,51,615. యతిప్రాసల్లో కూర్చున్న ఈ సంఖ్యను కంప్యూటర్‌తో సరిచూసుకోవచ్చు. సరిగ్గా ఉంటుంది.

దీన్ని 64 కూడికలు చేయకుండానే పట్టుకోవచ్చు. గడుల్లో ఉన్నవి గింజలనుకుని, బయటి నుంచి ఒక్క గింజ అదనంగా తెచ్చి మొదటి గడిలో వేయండి. అక్కడ రెండయ్యాయి. అవి రెండో గడిలోని రెండింటితో కలిస్తే నాలుగు. ఆ నాలుగూ మూడో గడిలోని నాలుగింటితో కలిస్తే ఎనిమిది. ఇలా కలుస్తూ పోతే చివరి గడి దాటేసరికి ఉన్నది, 65వ గడి అంటూ ఉంటే అందులో పడాల్సినంత. తెచ్చిన గింజ తిరిగిచ్చేయండి. మిగిలిందే జవాబు. గుణశ్రేఢి మొత్తానికి పుస్తకంలో ఉన్న సూత్రం ఈ ఆలోచనకు సాధారణ రూపం. ఇంటి అప్పుకు బ్యాంకు వేసే నెలసరి వాయిదా లెక్క వెనక ఉన్నదీ గుణశ్రేఢి మొత్తమే. వాయిదాలు కట్టే ప్రతి ఇంట్లోనూ ఈ లెక్క ఒక్కసారైనా చేతితో చేసి చూడాలి.

ఇప్పటిదాకా సిగ్మా నెత్తిన ఒక సంఖ్య ఉంది. దాన్ని తీసేసి అనంతం గుర్తు పెడితే విషయం లోతుకు దిగుతుంది. ఆగకుండా కూడుతూ పోతే ‘మొత్తం’ అనే మాటకు అర్థముందా?

సగం, పావు, అరపావు, అలా సగాలు కూడుతూ పోండి. ఎన్ని కూడినా ఒకటికి చేరం. కానీ ప్రతిసారీ ఒకటికి ఎంత తక్కువున్నామో చూస్తే, చివర కలిపినది ఎంతో సరిగ్గా అంతే తక్కువ. కలిపేది ఎంత చిన్నదైతే కొరత అంత చిన్నది. ఆ కొరతను మనం కోరినంత చిన్నది చేయవచ్చు. 1821లో ఫ్రాన్స్‌లో కోషీ ఈ ఊహకు గట్టి నిర్వచనం ఇచ్చాడు. అనంత శ్రేణి మొత్తమంటే, ఒక్కొక్క పదమూ కలుపుతున్నప్పుడు వచ్చే పాక్షిక మొత్తాలు ఏ అవధికి చేరువవుతాయో ఆ అవధి. అవధి లేకపోతే మొత్తం లేదు.

పదాలు చిన్నవవుతూ పోతే చాలా? చాలదు. 1 + 1/2 + 1/3 + 1/4 అంటూ సాగే హరాత్మక శ్రేణిని చూడండి. పదాలు సున్న వైపే పోతున్నాయి. మొదటి 83 పదాలు కలిపితే 5 దాటుతుంది. 10 దాటడానికి 12,367 పదాలు కావాలి. 20 దాటడానికి 27,24,00,600 కావాలి. విశ్వం పుట్టి సుమారు 1,380 కోట్ల ఏళ్లయిందంటారు. ఆ మొదటి క్షణం నుంచి సెకనుకో పదం చొప్పున ఎవరైనా కలుపుతూ వచ్చి ఉంటే ఈపాటికి మొత్తం 41 దాటి ఉంటుంది, 42కు చేరి ఉండదు. ఈ అంకెలు చూసిన ఎవరైనా ఇది ఎక్కడో ఆగిపోతుందనే అంటారు. ఆగదు. 1350 ప్రాంతంలో నికోల్ ఒరెమ్ అనే ఫ్రెంచి పండితుడు నాలుగు వాక్యాల్లో తేల్చాడు. 1/3, 1/4 కలిపితే సగం కన్నా ఎక్కువ, ఎందుకంటే రెండు పావులైనా సగమవుతాయి. ఆ తర్వాతి నాలుగు పదాలు కలిపినా సగం దాటుతుంది. ఆపై ఎనిమిది, ఆపై పదహారు, ప్రతి గుంపూ సగం దాటుతుంది. గుంపులకు అంతులేదు, సగాలకూ అంతులేదు. లక్ష కోట్ల పదాలు కలిపి చూసే కంప్యూటర్ చెప్పలేని నిజాన్ని ఈ గుంపుల లెక్క చెప్పింది. నాకు గణితం మీద భక్తి లాంటిది కలిగించిన రుజువు ఏదని అడిగితే ఇదే చూపిస్తాను.

ఒరెమ్ చూపినది ఆగని శ్రేణిని. ఆగే శ్రేణిలో కూడా ఒక చిక్కుంది. మూడు చుక్కల వెనక ఎంత మిగిలిందో తెలియాలి. అది అడిగినవాళ్లు కేరళలో ఉన్నారు. సంగమగ్రామ మాధవుడు, పద్నాలుగో శతాబ్దం నడుమ నుంచి పదిహేనో శతాబ్దం మొదటి పాతిక వరకు జీవించినవాడు. వృత్త పరిధిని వ్యాసంతో భాగిస్తే వచ్చే ‘పై’ విలువకు ఆయన పేరున నిలిచిన శ్రేణి ఇది: 1 నుంచి 1/3 తీసెయ్యండి, 1/5 కలపండి, 1/7 తీసెయ్యండి, 1/9 కలపండి, అలా. వచ్చిన దానిని నాలుగు రెట్లు చేస్తే ‘పై’. యూరపులో లైబ్నిజ్ ఈ శ్రేణిని కనుక్కున్నది 1670లలో. కేరళ పద్ధతులకు రుజువులతో సహా 1530 ప్రాంతంలో జ్యేష్ఠదేవుడు మలయాళంలో యుక్తిభాష రాశాడు. శాస్త్రాన్ని ఇంటి భాషలో, కారణాలతో సహా రాయడం ఎలాగో ఆ పుస్తకాన్ని చూసి నేర్చుకోవచ్చు.

శ్రేణి అందంగా ఉంది కానీ దాని నడక మహా నెమ్మది. వెయ్యి పదాలు కూడినా 3.1406 దగ్గరే ఉంటాం. గ్రహగణితం చేసేవాడికి అది పనికిరాదు. మాధవుడి సంప్రదాయం ఇక్కడ చేసిన పని నన్ను ఇప్పటికీ నిలబెట్టేస్తుంది. కూడిక ఆపిన చోటనే, కూడకుండా వదిలేసిన అనంతమైన తోకకు దాదాపు సరిపోయే ఒక చిన్న సవరణ పెట్టారు. ఎలాగో చూడండి. 1/9 వరకు ఐదు పదాలు తీసుకుని నాలుగు రెట్లు చేస్తే 3.339683. రెండో దశాంశం దాకా కూడా పోకుండానే తప్పిపోయింది. చివరి బేసి సంఖ్య 9, దాని తర్వాతి సరి సంఖ్య 10, అందులో సగం 5. ఆ 5 వర్గానికి ఒకటి కలిపితే 26. ఆ 26ను నాలుగు రెట్లు చేసి ఒకటి కలిపితే 105, దాన్ని 5తో గుణిస్తే 525. సవరణ 26/525. ఇదీ నాలుగు రెట్లు చేసి తీసేయండి. 3.141587 వస్తుంది. అసలు విలువ 3.141593. సవరణ లేకుండా ఇంత దగ్గరికి రావాలంటే లక్షా ఎనభై వేలకు పైగా పదాలు కూడాలి. ఐదు భిన్నాలూ ఒక సవరణా ఆ శ్రమంతా తప్పించాయి. ఆ శ్రేణి గొప్పదని అందరూ అంటారు. నా దృష్టిలో ఆ సవరణే ఇంకా గొప్పది, ఎందుకంటే చుక్కల వెనక ఉన్నదాన్ని ఊరికే నమ్మకుండా తూచి చూసిన ఆలోచన అది.

ఈ తూచే అలవాటు లేకపోతే ఏమవుతుందో ఇప్పుడు ఫోన్లలో చూస్తున్నాం. 1 + 2 + 3 + 4 అంటూ అనంతంగా కూడితే −1/12 వస్తుందని వీడియోలు తిరుగుతున్నాయి, కింద రామానుజన్ పేరు వేసి. రామానుజన్ 1913లో గణితవేత్త హార్డీకి రాసిన ఉత్తరంలో ఆ ఫలితం ఉన్నమాట నిజం. ‘నా సిద్ధాంతం ప్రకారం’ అన్న షరతు కూడా అక్కడే ఉంది. కోషీ చెప్పిన అర్థంలో ఆ శ్రేణికి మొత్తం లేదు, పాక్షిక మొత్తాలు హద్దు లేకుండా పెరుగుతాయి. ఇలా అవధి లేని అపసరణ శ్రేణులకు వేరే అర్థంలో విలువ కట్టే పద్ధతులున్నాయి, అవి లోతైనవి, ఉపయోగపడేవి. ఆ షరతు కత్తిరించి వింతగా చూపడం రామానుజన్‌కూ వినేవాళ్లకూ అన్యాయం.

ఇంటర్ గణితం చెప్పే అధ్యాపకులకు నాదొక విన్నపం. సిగ్మా సూత్రాల పట్టిక రాయించే ముందు ఒక్క పీరియడు మాధవుడికి ఇవ్వండి. 1/9 వరకు ఐదు భిన్నాలను పిల్లల చేత కాలిక్యులేటర్ లేకుండా కూడించండి, సవరణ పెట్టించండి, ‘పై’ విలువతో పోల్చించండి. ఆ తర్వాత నల్లబల్ల మీద మూడు చుక్కలు పెట్టి, వాటి వెనక ఎంత ఉందో వాళ్లనే అడగండి.